పెళ్లి, పీజీ, కొలువు: మూడింటి మధ్య హాజరు తగ్గుతోంది, ఏం చేయాలి?

ధర్మారం కోడలు
8 జూన్ 2025, రాత్రి 10.50

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్లు. హనుమకొండలోని ఒక కళాశాలలో ఎం.కాం. రెండో సెమిస్టర్ చదువుతున్నాను. డిగ్రీ అయిపోయినప్పటి నుంచి వరంగల్ చౌరస్తా దగ్గర ఒక విత్తనాలు, ఎరువుల దుకాణంలో లెక్కలు చూసే కొలువు చేస్తున్నాను. మొన్న మాఘమాసంలో పెళ్లయి, నర్సంపేట రోడ్డులోని ధర్మారానికి వచ్చాను. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, మామయ్య, ఇంటర్ చదివే మరిది ఉంటారు.

నా రోజు ఎట్లా గడుస్తుందో ముందు చెబుతాను. నాలుగున్నరకు లేస్తాను, నల్లా వచ్చే రోజైతే ఇంకా ముందే లేవాలి. వాకిలి ఊడ్చి ముగ్గు వేసి, బోళ్లు తోమి, అన్నం, కూర వండి, మా ఆయనకు, మామయ్యకు, నాకు సద్ది డబ్బాలు కట్టేసరికి ఎనిమిది అవుతుంది. ఎనిమిదింబావు బస్సు దొరికితే తొమ్మిదిన్నర తరగతికి అందుకుంటాను. ఒంటిగంటన్నరకు తరగతులు అయిపోతాయి. రెండున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా దుకాణంలో ఉంటాను. ఆదివారం కూడా ఉదయం నాలుగు గంటలు వెళ్లాలి. ఇంటికి చేరి, తిని, అన్నీ సర్దేసరికి పది దాటుతుంది. అందరూ పడుకున్నాక పుస్తకం తీస్తాను, రెండు పేజీలు దాటకముందే కళ్లు మూతపడతాయి.

ఈ సెమిస్టర్‌లో ఇప్పటిదాకా 58 రోజులు తరగతులు జరిగితే 39 రోజులే వెళ్లాను. మానిన 19 రోజుల్లో తొమ్మిది చుట్టాల పెళ్లిళ్లకు పోయాయి. కొత్త కోడలు రాకపోతే ఎట్లా అన్నారు, కాదనలేకపోయాను. మిగతా పది దుకాణానివి. ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి కాబట్టి ఆ తేదీల చుట్టూ పొద్దున్నే రమ్మంటారు. ఈ రోజు మృగశిర కార్తె మొదలైంది. ఇక నెల రోజులు పత్తి విత్తనాలకు వచ్చే రైతులతో దుకాణంలో నిలబడడానికి చోటుండదు.

కొలువు మానేయమని ఆడబిడ్డ అంటున్నది. దూరవిద్యకు మారిపొమ్మని స్నేహితురాలు చెబుతున్నది. ఏడాది ఆగి చదువుకోవచ్చులే అని అమ్మ అంటున్నది. నాకు చదువూ కావాలి, కొలువూ కావాలి, ఇంట్లో మాట పడకుండా ఉండాలనీ ఉన్నది. ఇట్లాంటి రోజులు గడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏది ముందు సరిచేసుకోవాలో చెప్పండి.

---

నర్సంపేట లెక్కలు
9 జూన్ 2025, ఉదయం 6.40

నేను కూడా దుకాణాల లెక్కలు చూసేదాన్నే కాబట్టి మీ 11, 20 తేదీల బాధ నాకు తెలుసు. ఆ రెండు రోజుల్లో పని పెరగడానికి కారణం నెలంతా పేరుకుపోయే బిల్లులు. అమ్మకం బిల్లులు ఏ రోజువి ఆ రోజే టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కించి, కొనుగోలు బిల్లులను వారానికోసారి ఎక్కించి, నెలకోసారి 14న వచ్చే జీఎస్టీఆర్-2బితో (మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టికతో) సరిచూసుకుంటే చివరి రోజున మిగిలేది గంటన్నర పని. విత్తనాలకు జీఎస్టీ లేదు, ఎరువులకు 5 శాతం ఉన్నది. ఈ రెండింటినీ మొదటి నుంచే వేరువేరుగా ఎక్కిస్తే తప్పులు వెతికే పని సగం తగ్గుతుంది. యజమానితో ఇట్లా మాట్లాడి చూడండి: 10, 19 తేదీల్లో రాత్రి తొమ్మిది దాకా ఉండి పూర్తి చేస్తానని, 11, 20 ఉదయం మాత్రం తరగతికి పంపమని. సెలవు ఇమ్మని అడిగితే కాదంటారు గానీ పని ఎప్పుడు పూర్తవుతుందో తేదీతో సహా చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకొకటి. దుకాణాల చట్టం ప్రకారం ఉద్యోగికి వారంలో ఒక రోజు సెలవు దక్కాలి. మీరు ఏడు రోజులూ వెళ్తున్నారు.

---

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ
9 జూన్ 2025, ఉదయం 9.15

అమ్మా, ముందు హాజరు లెక్క తేల్చుకుందాం. సెమిస్టర్‌కు 90 పని దినాలు అనుకుంటే, పరీక్ష రాయడానికి ఉండాల్సిన 75 శాతం హాజరుకు 68 రోజులు కావాలి. మీకు 39 ఉన్నాయి, ఇంకా 29 కావాలి. మిగిలిన రోజులు 32. అంటే ఈ రోజు నుంచి సెమిస్టర్ ముగిసేదాకా మీరు మూడు రోజులే మానగలరు. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేటట్టు పెట్టండి. కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే రుసుము) కట్టి గట్టెక్కవచ్చని మీ తోటివాళ్లు చెబుతారు. అది అనారోగ్యం వంటి కారణాలకు వైద్య ధ్రువపత్రంతో ఇచ్చే వెసులుబాటు, ముందే దాని మీద ఆధారపడకండి.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉన్నది. మీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తున్నట్టయితే దానికి కూడా 75 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలోనూ, సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనూ చదివేవారికి ఆ పథకం వర్తించదు. మారిపొమ్మని చెప్పే స్నేహితురాలికి ఈ విషయం తెలిసి ఉండకపోవచ్చు. ఇప్పటికే పూర్తి చేసిన మొదటి సెమిస్టర్ అక్కడ లెక్కలోకి తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాడిగా ఒక మాట. పెళ్లయ్యాక చదువు ఆపిన అమ్మాయిలు నాకు చాలామంది గుర్తున్నారు. వారిలో తెలివి తక్కువై ఆపినవారు ఒక్కరూ లేరు. తరగతిలో రెండో వరుసలో కూర్చునే అమ్మాయి ఒక సోమవారం రాదు, తర్వాతి సోమవారం కూడా రాదు, పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది. అప్పుడు గానీ మాకు తెలిసేది కాదు. మీరు అట్లా మాయం కాకండి. మీ పరిస్థితిని విభాగాధిపతికి ఇప్పుడే, హాజరు ఇంకా చేతిలో ఉన్నప్పుడే వెళ్లి చెప్పండి.

---

గోదావరి ఒడ్డు, మంచిర్యాల
9 జూన్ 2025, మధ్యాహ్నం 2.05

అధ్యాపకుల వారి మీద గౌరవంతోనే వేరే మాట చెబుతున్నాను. నేను పెళ్లయిన రెండో ఏడాది రెగ్యులర్ డిగ్రీ వదిలేసి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాను. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం, ఇల్లు నడిపేవాళ్ల కోసం పెట్టిందే అది. మూడేళ్ల డిగ్రీ నాకు ఐదేళ్లు పట్టింది. అయినా పూర్తి చేశాను. గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీ సమానమేనని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేసింది కూడా. ఆ డిగ్రీతోనే ఈ రోజు నాకు ఉద్యోగం ఉన్నది.

రోజుకు నాలుగు గంటలు నిద్రపోయి ఆరోగ్యం పాడుచేసుకోవడం కన్నా రెండేళ్లు ఆలస్యమైతే నష్టమేమిటి? కాకతీయ విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రం మీకు బస్సు దూరంలోనే ఉన్నది. ఒక్కసారి వెళ్లి కనుక్కోండి.

---

ధర్మారం కోడలు
9 జూన్ 2025, రాత్రి 11.10

అక్కా, సార్, లెక్కల అక్కా, ముగ్గురికీ కృతజ్ఞతలు. కొలువు ఎందుకు మానలేనో చెబుతాను. మా ఆయనకు ఒక గోదాములో నెలకు 14,500 వస్తుంది, నాకు 11,000. మామయ్య ఎనుమాముల మార్కెట్‌లో పని ఉన్న రోజే సంపాదిస్తారు. పెళ్లికి తీసుకున్న అప్పుకు నెలకు 6,200, చిట్టీకి 5,000 పోతాయి. అత్తమ్మ మోకాళ్ల మందులు వేరే. నా జీతం లేకపోతే చిట్టీ కట్టలేము. మా వాళ్లు చెడ్డవాళ్లని ఎవరూ అనుకోవద్దు. అత్తమ్మకు నిజంగానే నడవడం కష్టం, అందుకే పొద్దటి పని నా మీద పడింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదువుతున్నాను. దూరవిద్యకు మారితే అది పోతుందని నాకు ఈ రోజే తెలిసింది. కాబట్టి ఆ దారి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

బస్సుకు ఇప్పుడు డబ్బు కావడం లేదు, 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చింది కదా. అది లేకపోతే రోజుకు రెండు వైపులా చార్జీలు నా జీతంలో గట్టిగానే కోత పెట్టేవి. కానీ పొద్దుటి బస్సులో సీటు దొరకదు, నిలబడి చదవలేను. నోట్సును నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడం మొదలుపెట్టాను. అంతకు మించి సమయం ఎక్కడి నుంచి తేవాలో అర్థం కావడం లేదు.

---

కాజీపేట జంక్షన్
10 జూన్ 2025, రాత్రి 1.30

చెల్లెమ్మా, నేను ఒక ల్యాబులో రాత్రి పని చేస్తూ మూడేళ్ల లా కోర్సు చదువుతున్నాను. పెళ్లయి రెండేళ్లయింది. మీరు రాసింది చదివాక, మా ఇంట్లో నేను ఆలస్యంగా గమనించిన ఒక విషయం ఇక్కడ చెప్పాలనిపించింది.

నేను పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్తే మా అమ్మ టీవీ శబ్దం తగ్గించేది. చుట్టాలు వచ్చినా 'పిల్లగాడు చదువుకుంటున్నాడు' అని మెల్లగా మాట్లాడేవారు. తలుపు మూసుకుంటే ఎవరూ తట్టేవారు కాదు. గత ఏడాది నా భార్య టెట్‌కు చదవడం మొదలుపెట్టింది. అదే గది, అదే బల్ల. ఆమె కూర్చున్న గంటలో తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నదో ఒక ఆదివారం నేను పక్కన కూర్చుని చూశాను. పాలు పొంగుతున్నాయని ఒకసారి, చీపురు ఎక్కడ పెట్టావని ఒకసారి, ఎవరో వచ్చారు నీళ్లు ఇవ్వమని ఒకసారి. నేనే రెండుసార్లు పిలిచాను, ఒకసారి నా చొక్కా కోసం. ఎవరికీ ఆమె చదువు మీద కోపం లేదు. ఆమె కూర్చున్నది కాబట్టి ఖాళీగా ఉన్నదని అందరం అనుకున్నాం.

మొదట నేను 'సాయం' చేయడం మొదలుపెట్టాను. ఏం చేయమంటావని అడిగి, చెప్పింది చేసేవాడిని. దానితో ఆమె భారం తగ్గలేదు, ఎందుకంటే ఏ పప్పు అయిపోయిందో, గ్యాస్ బండ ఎప్పుడు బుక్ చేయాలో, ఎవరికి ఏ మందు తేవాలో గుర్తుపెట్టుకునే పని ఆమెదే. తర్వాత మేమిద్దరం కూర్చుని కొన్ని పనులు పూర్తిగా నా పేరు మీదికి మార్చుకున్నాం. కిరాణా, గ్యాస్, పొద్దుటి టిఫిన్ నావి. ఉప్పు అయిపోతే నేను చూసుకోవాలి, ఆమెకు తెలియాల్సిన అవసరం కూడా లేదు. మీ ఆయనతో సాయం చేయమని కాకుండా, ఏ రెండు పనులు పూర్తిగా తీసుకుంటారో మాట్లాడండి.

---

జమ్మికుంట అత్తమ్మ
10 జూన్ 2025, సాయంత్రం 5.20

బిడ్డా, నేను చెబుతుంటే మా కోడలు టైపు చేస్తున్నది, మాటలు సరిచేస్తున్నది కూడా. నేను ఏడో తరగతి దాకే చదివాను. మా కోడలు మందుల దుకాణంలో పని చేస్తూ బీఈడీ చేసింది.

ఆమె చదువుతున్నదని మాకు తెలుసు. ఎప్పుడు చదువుతున్నదో మాత్రం తెలియలేదు. మేమంతా పడుకున్నాక చదివేది. పొద్దున కళ్లు ఎర్రగా ఉంటే, రాత్రంతా ఫోన్ చూసుకుంటున్నదని నేను అనుకున్నాను. నిద్రమొహం వేసుకుని తిరుగుతున్నావని రెండుసార్లు అన్నాను కూడా. ఒక రాత్రి నేను మంచినీళ్లకు లేస్తే పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతున్నది. చేతిలో పెన్ను అట్లనే ఉన్నది. ఆ రోజు నాకు చాలా బాధయింది. నా బిడ్డ అయితే దీపం ఆర్పి దుప్పటి కప్పేదాన్ని కదా అనిపించింది. కప్పాను.

పొద్దున అడిగితే పరీక్ష పదహారు రోజుల్లో ఉన్నదని చెప్పింది. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు అంటే, చెబితే చదువు మానేయమంటారేమోనని భయపడ్డానన్నది. మేము మానేయమనేవాళ్లం కాదు. కానీ ఆమె భయం కూడా తప్పు కాదు, మా వాడలో మానిపించిన ఇండ్లు ఉన్నాయి. ఆ రోజు క్యాలెండర్ మీద పరీక్ష తేదీలన్నీ ఎర్ర పెన్నుతో రాయించాను. శనగ నూనె డబ్బా ఎప్పుడు తెచ్చామో, పాల లెక్క ఎంతో రాసే క్యాలెండరే అది. పొద్దున లేస్తే అందరి కళ్లూ దాని మీదే పడతాయి. తర్వాత పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా ఆమె చదువు, నాది పొయ్యి. ఆరున్నరకు నేను పొయ్యి దగ్గర నుంచి లేస్తాను, ఆమె వస్తుంది.

అందుకే చెబుతున్నాను, రాత్రి దాక్కుని చదవకు బిడ్డా. మేము చూసేటట్టు చదువు. మాకు కనిపించని పని మాకు పని అనిపించదు, మేము పెరిగింది అట్లా.

---

కాజీపేట జంక్షన్
10 జూన్ 2025, సాయంత్రం 6.02

పెద్దమ్మా, ఈ మాట మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు గానీ రెండోసారి చదవమన్నది.

---

గోదావరి ఒడ్డు, మంచిర్యాల
10 జూన్ 2025, రాత్రి 9.45

జమ్మికుంట అత్తమ్మ గారి మాటలు చదివి కళ్లు చెమర్చాయి. అయినా ఒక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. అన్ని ఇండ్లూ ఒకటి కావు. నేను పొద్దున అందరి ముందు పుస్తకం తీసిన మొదటి వారమే మా ఇంట్లో దాన్ని నిలదీసినట్టుగా అర్థం చేసుకున్నారు. పని తప్పించుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకుంటున్నదని చుట్టాలకు చెప్పారు. నేను రాత్రి చదవడానికి, చివరికి దూరవిద్యకు మారడానికి కారణం అదే. ధర్మారం చెల్లెలు తన ఇంటిని తానే బాగా ఎరుగును. ముందు ఒక్క మనిషినైనా తన వైపు కూడగట్టుకున్నాకే ఈ పని చేయాలి. ఆ ఒక్కరు భర్త అయితే మేలు.

---

ధర్మారం కోడలు
12 జూన్ 2025, రాత్రి 10.30

నిన్న 11వ తేదీ. నర్సంపేట అక్క చెప్పినట్టే 10న రాత్రి తొమ్మిది దాకా కూర్చుని పని ముగించాను, మా ఆయన బండి మీద వచ్చి తీసుకుపోయారు. నిన్న తరగతికి వెళ్లాను. యజమాని ముందు సణిగినా, మధ్యాహ్నం నేను వెళ్లేసరికి రిటర్న్ వేయడానికి అంతా సిద్ధంగా ఉండడం చూసి ఊరుకున్నారు. నెలలో రెండు ఆదివారాలు సెలవు అడిగాను, ఈ విత్తనాల గిరాకీ తగ్గాక చూద్దామన్నారు.

దారిలో మా ఆయనకు కాజీపేట అన్న రాసింది చదివి వినిపించాను. కూరగాయలు తెచ్చి తరిగే పని, నల్లా నీళ్లు పట్టే పని తనవీ, తమ్ముడివీ అన్నారు. అత్తమ్మకు ఎట్లా చెప్పాలన్నదే ఇద్దరికీ తోచలేదు.

ఇంతలో ఇంకొకటి వచ్చింది. ఈ నెల 26 నుంచి ఆషాఢం. మొదటి ఆషాఢం కాబట్టి నేను తల్లిగారింటికి పోవాలి. మా అమ్మవాళ్లది పరకాల దగ్గర ఊరు. అక్కడి నుంచి తరగతికి రావచ్చు గానీ రాత్రి ఎనిమిదికి దుకాణం నుంచి బయలుదేరితే ఇల్లు చేరడం కష్టం. నెల రోజులు ఇంటి పని ఉండదని మనసులో సంతోషం, దుకాణం ఎట్లా అని దిగులు.

---

నర్సంపేట లెక్కలు
12 జూన్ 2025, రాత్రి 10.48

ఆషాఢంలో అత్త ఇంట్లో ఉండకూడదన్నదే కదా ఆచారం, అమ్మ ఇంట్లోనే ఉండాలని ఎక్కడున్నది? హనుమకొండలో మీ అమ్మ తరఫు చుట్టాలు ఎవరూ లేరా?

---

ధర్మారం కోడలు
12 జూన్ 2025, రాత్రి 11.05

కిషన్‌పురలో చిన్నమ్మ ఉన్నది. ఇది నాకు తట్టనే లేదు.

---

భూపాలపల్లి ఏఎన్ఎం
13 జూన్ 2025, మధ్యాహ్నం 1.15

ఇక్కడ ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతున్నాను, ఎందుకంటే పెళ్లయి చదువుకుంటున్న అమ్మాయిలు నా దగ్గరికి ఎక్కువగా దీని కోసమే వస్తారు, అదీ ఆలస్యంగా. పెళ్లయిన మూడో నెల నుంచే 'విశేషమేమైనా ఉన్నదా' అని అడగడం మొదలవుతుంది. ఎప్పుడు పిల్లలు కావాలన్నది మీరిద్దరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. రెండేళ్ల చదువు పూర్తి కావాలనుకుంటే ఇప్పుడే దానికి ఏర్పాటు చేసుకోండి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భం రాకుండా మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయ' మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. ఏది మీ ఒంటికి సరిపోతుందో వైద్యుల పరీక్ష తర్వాతే తేలుతుంది కాబట్టి స్నేహితులు వాడుతున్నారని మందుల దుకాణంలో కొని వేసుకోకండి. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇవి అడగడానికి సిగ్గుపడతారు, పక్క ఊరి కేంద్రానికి వెళ్తారు. సిగ్గుపడాల్సిన పని కాదు. భర్తను కూడా వెంట తీసుకెళ్లండి.

ఒకవేళ చదువు మధ్యలో గర్భం వచ్చినా చదువు ఆగిపోవాల్సిన అవసరం లేదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోవాలని యూజీసీ 2021 డిసెంబర్‌లో అన్ని విశ్వవిద్యాలయాలకు రాసింది. మీ దగ్గర ఆ నియమం ఎట్లా ఉన్నదో కార్యాలయంలో అడిగి పెట్టుకోండి.

---

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ
13 జూన్ 2025, సాయంత్రం 4.30

ఏఎన్ఎం గారు చెప్పింది చాలా అవసరమైన మాట. మా తరం అధ్యాపకులకు ఈ విషయం విద్యార్థినులతో మాట్లాడే అలవాటు లేకపోయింది, దాని వల్ల కొందరికి నష్టం జరిగిందని ఇప్పుడు అనుకుంటాను.

దీనికి పక్కనే ఒక చిన్న జాగ్రత్త. పెళ్లయ్యాక ఆధార్‌లో చిరునామా మార్చుకోండి గానీ ఇంటిపేరు మార్చే తొందర వద్దు. మీ పదో తరగతి మెమోలో ఉన్న పేరే హాల్‌టికెట్‌లో, పట్టాలో వస్తుంది. పరీక్ష హాలులో గుర్తింపు కార్డు మీద వేరే ఇంటిపేరు కనిపిస్తే ఆ ఉదయం అనవసరమైన ఆందోళన. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే ఉంటుంది.

తరగతికీ దుకాణానికీ మధ్య మీకు గంట ఉన్నదన్నారు. ప్రయాణం తీసేస్తే అరగంట మిగులుతుంది. కళాశాల గ్రంథాలయంలో రోజూ ఒకే బల్ల దగ్గర ఆ అరగంట కూర్చోండి. ఇంట్లో రాత్రి గంటలో కాని పని అక్కడ అవుతుంది. సెలవు దొరికిన ఆదివారం చదువుకోవడానికి మన హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉన్నది. నేను ఇంటర్ చదివిన రోజుల్లో మా ఇంట్లో ఒకే గది, ఏడుగురం. నా చదువంతా ఇట్లాంటి పఠన మందిరాల బెంచీల మీదే జరిగింది.

---

ధర్మారం కోడలు
20 జులై 2025, మధ్యాహ్నం 3.40

నెల తర్వాత వచ్చాను, క్షమించండి. ఆషాఢం అంతా కిషన్‌పురలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. అమ్మ మొదట కొంత నొచ్చుకున్నది, రెండు ఆదివారాలు పరకాల వెళ్లి వచ్చాక సర్దుకున్నది. యజమాని ఆ రెండు ఆదివారాలు సెలవు ఇచ్చారు. తరగతులు అయిపోయాయి. జూన్ 9 నుంచి జరిగిన 32 రోజుల్లో 30 రోజులు వెళ్లాను. ఒక రోజు జ్వరం, ఇంకొక రోజు దుకాణంలో సరుకు లెక్క. మొత్తం 69 రోజులు, 76 శాతం దాటింది. సార్ చెప్పిన లెక్క కాగితం చిన్నమ్మ ఇంట్లో గోడకు అంటించుకున్నాను.

ఈ నెల రోజుల్లో నాకు బాగా తెలిసింది ఒకటే. నేను మందబుద్ధిని కాదు. తెల్లవారుజామున గంటన్నర ఎవరూ పిలవకుండా ఉంటే, పన్నుల పేపరు మూడు యూనిట్లు పది రోజుల్లో అయిపోయాయి. రోజూ దుకాణంలో చేసే పనే పుస్తకంలో కనిపించింది. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మినహాయించుకోవడం) గురించి మేడమ్ అడిగితే తరగతిలో నేనే చెప్పాను.

25 నుంచి శ్రావణం, మళ్లీ ధర్మారం వెళ్తాను. పరీక్షలు ఆగస్టులో. అసలు పని ఇప్పుడే ఉన్నది.

---

జమ్మికుంట అత్తమ్మ
20 జులై 2025, రాత్రి 8.10

పోయేటప్పుడు పరీక్ష తేదీల కాగితం తీసుకుపో బిడ్డా. నువ్వు అంటించకు, మీ అత్తమ్మ చేతికి ఇచ్చి క్యాలెండర్ మీద రాయమను. ఆమెకు రాయడం రాకపోతే ఆమె చూస్తుండగా నువ్వు రాయి.

---

ధర్మారం కోడలు
24 ఆగస్టు 2025, ఉదయం 11.20

మొన్నటితో పరీక్షలు అయిపోయాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే అన్నీ అనుకున్నట్టు కాలేదు.

తేదీల కాగితం అత్తమ్మకు ఇచ్చాను. ఆమె చదవగలరు, తానే రాశారు. పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా నేను బయట అరుగు మీద లైటు కింద కూర్చునేదాన్ని. మా ఆయన కూరగాయలు తరిగేవారు, మరిది నీళ్లు పట్టేవాడు. నాలుగో రోజు ఎదురింటి ఆమె, కోడలు పుస్తకం పట్టుకుంటే కొడుకు కత్తిపీట పట్టాడని అందరూ వినేటట్టు అన్నది. అత్తమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మంచిర్యాల అక్క చెప్పింది గుర్తుకొచ్చి భయపడ్డాను. మరునాడు పొద్దున అత్తమ్మ అరుగు మీదికి వచ్చి, లోపల దేవుడి గూడు దగ్గర కూర్చో, అక్కడ గాలి వస్తుందన్నారు. అంటే చదవమన్నారు గానీ బయటివాళ్లకు కనిపించకుండా. అది నాకు పూర్తిగా నచ్చలేదు. మా ఆయన మాత్రం కత్తిపీట వదల్లేదు, అరుగు మీదే కూర్చుని తరిగారు.

పరీక్షలు మొదలయ్యాక మామయ్య తన డబ్బా తానే కట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే చేశారు కాబట్టి నేను కూడా ఏమీ అనలేదు, ఆయన డబ్బాలో ఒక రోజు సర్వపిండి పెట్టాను. అత్తమ్మ రోజూ క్యాలెండర్ మీద అయిపోయిన పరీక్షకు అడ్డగీత గీసేవారు. పన్నుల పేపరు బాగా రాశాను. స్టాటిస్టిక్స్ మాత్రం అనుమానంగా ఉన్నది, ఒక పెద్ద లెక్క సగంలో వదిలేశాను.

ఏఎన్ఎం అక్క చెప్పినట్టు ఇద్దరం ఆరోగ్య కేంద్రానికి వెళ్లి వచ్చాం. ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

---

గోదావరి ఒడ్డు, మంచిర్యాల
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12.35

అడ్డగీతలు గీసిన అత్తమ్మ నాకు దొరికి ఉంటే నేను రెగ్యులర్ కోర్సు వదిలేదాన్ని కాదు. నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు, కానీ మీ ఇంటి విషయంలో నేను భయపడినంత కాలేదు, చాలా సంతోషం. వచ్చే నెల 21 నుంచి బతుకమ్మ. పెళ్లయ్యాక మొదటిది, తల్లిగారింటికి పోతారు కదా. మూడో సెమిస్టర్ హాజరును అప్పుడు కూడా లెక్క వేసుకోండి.

---

ధర్మారం కోడలు
24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 1.10

వేసుకున్నాను అక్కా. ఈసారి పెళ్లిళ్లకు రెండు రోజులు, బతుకమ్మకు మూడు, అత్యవసరానికి ఆరు పెట్టుకున్నాను. మూడో సెమిస్టర్‌లో కాస్ట్ అకౌంటింగ్ ఉన్నది. ఎవరి దగ్గరైనా పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయా?

---

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ
24 ఆగస్టు 2025, సాయంత్రం 5.50

నా దగ్గర ఐదేళ్లవి ఉన్నాయమ్మా. స్కాన్ చేసి వచ్చే ఆదివారం ఇక్కడే పెడతాను. స్టాటిస్టిక్స్‌లో సగంలో వదిలేసిన ఆ లెక్క ఏమిటో కూడా రాయండి, ఎక్కడ ఆగారో చూద్దాం.